భోజనాల తర్వాత సభ ఎందుకు ఖాళీ అవుతుంది?

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లాలో రొయ్యల రైతులు, టెక్నీషియన్ల సంఘం. ఏటా ఒకరోజు సదస్సు పెడతాం. మూడు వందల మంది దాకా వస్తారు. పదింటికి మొదలు కావలసిన సభ ముఖ్య అతిథి కోసం ఆగి పదకొండున్నరకు మొదలవుతుంది. జ్యోతి ప్రజ్వలన, సన్మానాలు, ఆరేడు ప్రసంగాలు, స్పాన్సర్ కంపెనీల ప్రజెంటేషన్లు ఉంటాయి. భోజనాలయ్యాక హాల్లో పాతిక ముప్పై మంది మిగులుతారు. నిరుడు జనాన్ని ఆపడానికి సాయంత్రం లక్కీ డ్రా పెట్టాం. సరిగ్గా డ్రా వేళకు వచ్చి, కూపన్ నంబరు చూసుకుని వెళ్లిపోయారు. ఈసారి సంయుక్త కార్యదర్శిగా నిర్వహణ నాకు అప్పగించారు. ఇంకా మంచి వక్తలను పిలవాలా? పేరున్న యాంకర్‌ను పెట్టాలా? మా అధ్యక్షులు పెద్దవారు. పద్ధతి మారిస్తే నొచ్చుకుంటారేమోనని భయంగా ఉంది.
– పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకుడు, భీమవరం

సమాధానం: ముందు లక్కీ డ్రా సంగతి తేల్చేద్దాం. దాన్ని మానేయండి. బహుమతి కోసం ఆగిన మనిషి బహుమతి కోసమే ఆగుతాడు. మిక్సీ ఎవరికి దక్కిందో తెలిసిన మరుక్షణం బండి తాళం తీస్తాడు. ఆ డబ్బుకు ఇంతకంటే మంచి ఖర్చు కింద చెబుతాను.

మీ ఉత్తరంలో ఒక వివరం లేదు. భోజనాలయ్యాక హాల్లోకి తిరిగి రానివాళ్లు ఎక్కడికి వెళ్లారు? నా అనుమానం, వాళ్లలో సగం మంది వెంటనే ఇంటికి వెళ్లి ఉండరు. బండ్లు నిలిపిన చోట, టీ కొట్టు దగ్గర గుంపులుగా నిలబడి ఎవరి సీడ్ (చెరువులో వదిలే రొయ్య పిల్లలు) నిలిచింది, ఎవరి చెరువులో పెరుగుదల ఆగిపోయింది, వంద కౌంట్‌కు, అంటే కిలోకు వంద తూగే రొయ్యకు, ఎవరు ఎంత కడుతున్నారు అని గంటసేపైనా మాట్లాడుకుని ఉంటారు. వాళ్లు దేనికోసం పనులు మానుకుని వచ్చారో అది అక్కడ జరిగింది. లోపల మైకు ముందు జరిగింది వేరే కార్యక్రమం.

ఇది మీ ఒక్కరి సంఘానికే పట్టిన తెగులు కాదు. హారిసన్ ఓవెన్ అనే అమెరికన్ 1983లో ఒక అంతర్జాతీయ సదస్సు కోసం ఏడాది పాటు కష్టపడ్డాడు. అంతా అయ్యాక అందరూ, ఆయనతో సహా, ఒప్పుకున్నది ఒక్కటే: అన్నిటికంటే బాగున్నవి కాఫీ విరామాలు! అలాంటప్పుడు సదస్సంతా కాఫీ విరామంలాగే ఎందుకు నడపకూడదని ఆలోచించి, 1985లో ముందుగా ఎజెండా లేని సమావేశం నిర్వహించాడు. దానికే తర్వాత ‘ఓపెన్ స్పేస్’ అనే పేరు స్థిరపడింది. అప్పటినుంచి ప్రపంచంలో ఎందరో దాన్ని రకరకాలుగా వాడుకున్నారు. మీ మధ్యాహ్నం పూటకు అది సరిగ్గా సరిపోతుంది. దాని దగ్గరకు తర్వాత వస్తాను.

మంచి వక్తలను పిలవాలా అని అడిగారు. వక్తలు తక్కువై మీ సభ పాడవలేదు. వనామీ రకం రొయ్య పెంపకానికి మన దేశంలో అనుమతి వచ్చింది 2009లో. అప్పటినుంచి మీ సభ్యులు ఏటా పంటలు వేస్తూ, తెల్లమచ్చ తెగులుతో చెరువులు ఖాళీ చేసుకుంటూ, ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి వల్ల రొయ్య ఎదగక మేత ఖర్చు మాత్రం ఎదగడం చూస్తూ వస్తున్నారు. వేదిక మీద శాస్త్రవేత్తకు ఆ వ్యాధుల గురించి మీ సభ్యులందరికంటే ఎక్కువ తెలుసు. కానీ నిరుడు మీ కాలవ పక్క చెరువుల్లో ఏ నెలలో స్టాకింగ్ చేసినవాళ్లు (పిల్లలను వదిలినవాళ్లు) బయటపడ్డారో ఆయనకు తెలియదు. అది మూడో వరుసలో కునుకు తీస్తున్న రైతుకు తెలుసు. ఆ రెండు తెలివిడులు ఒకదానికొకటి ఎదురుపడేలా రోజును అమర్చడమే మీ పని.

కునుకు అన్నాను కదా, దాన్ని చిన్నచూపుతో అనలేదు. చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున. కరెంటు పోతే నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగిపోతాయేమోనని రాత్రంతా ఒక కన్ను తెరిచే పడుకున్న మనిషిని తెచ్చి, చల్లని హాల్లో దీపాలు తగ్గించి, అరవై స్లైడ్లు చూపిస్తే నిద్ర రాక ఏం వస్తుంది? అందుకే తేదీ ఖాయం చేసే ముందు రొయ్యల పట్టుబడులు ఎప్పుడు ముమ్మరంగా ఉంటాయో, మేత వేళలు ఏమిటో మీ టెక్నీషియన్లను అడగండి. మూడు గంటలకు చెరువు దగ్గర ఉండవలసిన మనిషి మూడు గంటలకు వెళ్లిపోతే అది సదస్సు తప్పు, ఆయన తప్పు కాదు. సాయంత్రం దాకా సాగదీయకుండా రెండున్నరకు ముగించండి.

అసలు పని నెల ముందు ఫోనుతో మొదలవుతుంది. ముప్పై నలభై మంది సభ్యులకు మీరే ఫోన్ చేయండి. పెద్ద రైతులు, రెండెకరాల కౌలు రైతులు, ల్యాబ్‌లో పనిచేసే కుర్రవాళ్లు, సీడ్ తోలే డ్రైవర్లు, అందరూ ఉండాలి. ‘ఏ అంశం మీద ప్రసంగం కావాలి?’ అని మాత్రం అడగకండి. ‘వ్యాధుల నివారణ’ అంటారు, మీరు రాసుకుంటారు, పాత సదస్సే మళ్లీ తయారవుతుంది. ‘వచ్చే పంటకు మీరు ఎటూ తేల్చుకోలేకపోతున్న నిర్ణయం ఏమిటి?’ అని అడగండి. ఒకరు స్టాకింగ్ సాంద్రత తగ్గించాలా అంటారు. ఇంకొకరు ఒక పంట మానేసి చెరువు ఎండబెట్టాలా అంటారు. మరొకరు ఎగుమతి ధరల మీద నమ్మకం పోయి చేపలకు మారాలా అంటారు. ఈ ప్రశ్నలను వాళ్ల మాటల్లోనే రాసుకుని, పెద్ద అక్షరాలతో చార్టుల మీద రాయించి హాలు గోడకు అంటించండి. లోపలికి వచ్చిన రైతు మొదట చూసేది నాయకుల ఫొటోలున్న ఫ్లెక్సీ కాకుండా తన ప్రశ్న అయితే, ఆ రోజు ఎవరిదో ఆయనకు అక్కడే అర్థమవుతుంది.

ఇక హాలు. వరుస కుర్చీల్లో మనిషికి కనిపించేది ముందువాడి మెడ. గుండ్రటి బల్లలు వేస్తే మంచిదే కానీ వాటికి స్థలం, అద్దె రెండూ ఎక్కువవుతాయి. మీకు అంత హంగు అక్కర్లేదు. కల్యాణ మండపంలో ఉండే ప్లాస్టిక్ కుర్చీలను ఏడేసి చొప్పున గుండ్రంగా వేయించండి. ఏడు దాటితే ఒక్కరే మాట్లాడటం, మిగిలినవాళ్లు ఫోను చూసుకోవడం మొదలవుతుంది. ఒక్కో గుంపుకు చార్టు, స్కెచ్ పెన్నులు చాలు. లక్కీ డ్రా డబ్బు ఇక్కడ ఖర్చు పెట్టండి. మిగిలితే రెండు కార్డ్‌లెస్ మైకులు అదనంగా తెప్పించండి. వేదిక మీదికి వచ్చి మాట్లాడమంటే పదిమందే వస్తారు, మైకు కుర్చీ దగ్గరికి వెళితే చాలామంది మాట్లాడతారు.

ఎవరికి తోచిన చోట వాళ్లను కూర్చోనిస్తే ఒక ఊరివాళ్లంతా ఒకచోట చేరతారు. కొలంబియా బిజినెస్ స్కూల్‌కు చెందిన పాల్ ఇంగ్రమ్, మైకేల్ మోరిస్ 2007లో ప్రచురించిన అధ్యయనం కోసం ఒక విందులో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో నమోదు చేసి చూశారు. కొత్తవాళ్లను కలవాలనే వచ్చామని చెప్పిన ఎగ్జిక్యూటివ్‌లు కూడా తీరా వచ్చాక తెలిసినవాళ్ల వైపే మొగ్గారు. సూటు వేసుకున్నవాళ్ల పరిస్థితే అది. కాబట్టి రిజిస్ట్రేషన్ దగ్గర ఇచ్చే బ్యాడ్జీ మీద గుంపు నంబరు వేయించండి. ఉండి నుంచి వచ్చిన రైతు పక్కన నరసాపురం రైతు, వాళ్ల మధ్య ఒక టెక్నీషియన్ పడేలా చూడండి.

మొదటి అరగంటలో ఎవరూ వేదిక ఎక్కనక్కర్లేదు. గోడమీది ప్రశ్నల్లో ఒకటి చదివి వినిపించండి. ఒక నిమిషం ఎవరికి వారు ఆలోచించాలి. రెండు నిమిషాలు పక్కవారితో మాట్లాడాలి. తర్వాత నాలుగు నిమిషాలు నలుగురేసి. ఆఖరున కొన్ని గుంపుల నుంచి ఒక్కో మాట మైకులో. పావుగంట కూడా పట్టదు. ఆ మొదటి ఒక్క నిమిషం మౌనాన్ని మాత్రం తగ్గించకండి. అది లేకపోతే గట్టి గొంతు ఉన్నవాడి మాటే అందరి మాట అవుతుంది. ఆలోచించుకునే సమయం దొరికిన మొహమాటస్తుడు ముందు పక్కవాడికి చెబుతాడు, వాడు తలూపాక నలుగురికీ చెబుతాడు.

నిపుణుడిని మానేయమనడం లేదు. చెన్నైలోని సీబా (కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ పరిశోధన సంస్థ) నుంచో, ఫిషరీస్ కాలేజీ నుంచో ఒకరిని తప్పకుండా పిలవండి. పిలిచి ఉపన్యాసం మాత్రం అడగకండి. దీనికి మన దగ్గరే చక్కని నమూనా ఉంది, అష్టావధానం. అవధాని అంతటి పండితుడై ఉండి కూడా సభలో ఉపన్యాసం ఇవ్వడు. ఎనిమిదిమంది పృచ్ఛకులు తలా ఒకవైపు నుంచి అడుగుతుంటే వాటికి జవాబు చెబుతాడు. సభ రక్తి కట్టడం పృచ్ఛకుల తయారీ మీద కూడా ఆధారపడి ఉంటుంది. మీరూ ఎనిమిదిమంది రైతులను ముందే ఎంచుకోండి. ఒకరు సీడ్ గురించి, ఒకరు నీటి గురించి, ఒకరు మేత మీద, ఒకరు లెక్కల మీద, ఇలా పంచండి. ప్రశ్నలు పది రోజుల ముందే నిపుణుడికి పంపండి. ఆయన మీద వల వేయడం మన ఉద్దేశం కాదు, ఆయన ఇక్కడి చెరువుల గురించి ఆలోచించి రావాలన్నదే. ప్రతి జవాబు తర్వాత అడిగిన రైతుకే ఇంకో అనుబంధ ప్రశ్న వేసే హక్కు ఇవ్వండి. అసలు విషయం దాదాపు ఎప్పుడూ ఆ రెండో ప్రశ్నలోనే బయటపడుతుంది. అవధానంలో గంట మోతలను లెక్కపెట్టే అంశం ఒకటుంటుంది. మీ సభలో ఆ మోగే గంట, సమయం అయిందని గుర్తు చేయడానికి పనికొస్తుంది. దాన్ని ఎవరికీ మొహమాటపడని మనిషి చేతికివ్వండి.

ఇప్పుడు మీ రంగానికే ప్రత్యేకమైన చిక్కు గురించి. దీన్ని దాటవేస్తే పైన చెప్పినవన్నీ చేసినా నోళ్లు తెరుచుకోవు. మీ సభ్యుల్లో చాలామంది మేత, సీడ్, మందులు అప్పు మీద తెచ్చుకుంటారు. అప్పిచ్చిన డీలరు అదే హాల్లో ఉంటాడు. సీడ్ అమ్మిన హ్యాచరీ ప్రతినిధి పక్క కుర్చీలోనే ఉంటాడు. ‘ఫలానా సీడ్‌తో మునిగిపోయాను’ అని ఆయన ముందు ఎవరు చెబుతారు? అందుకని గంటన్నర సేపు రైతులు, టెక్నీషియన్లు మాత్రమే ఉండే సమావేశం ఒకటి పెట్టండి. ఆ సమయంలో కంపెనీల వాళ్లు బయట స్టాళ్ల దగ్గర ఉంటారని ముందే ఒప్పందంలో రాయండి. లండన్‌లోని చాతమ్ హౌస్ 1927లో ఒక నియమం పెట్టుకుంది. అక్కడ విన్న సమాచారాన్ని ఎవరైనా వాడుకోవచ్చు, అది ఎవరన్నారో మాత్రం బయట చెప్పకూడదు. అంతర్జాతీయ వ్యవహారాల చర్చల కోసం పుట్టిన ఆ నియమం మీ రైతులకు ఇంకా ఎక్కువ అవసరం. దాన్ని తెలుగులో రెండు వాక్యాలుగా రాసి తలుపు దగ్గర పెట్టండి. ఆ గంటన్నర వీడియో, ఫోను రికార్డింగు ఏదీ వద్దు. ఫేస్‌బుక్ లైవ్ పెట్టే ఉత్సాహవంతుడు ప్రతి సంఘంలోనూ ఒకరుంటారు. ఆయనకు ముందే విడిగా చెప్పండి.

స్పాన్సర్లు అలుగుతారంటారా? అలగరు. ఖాళీ కుర్చీలకు ప్రజెంటేషన్ ఇవ్వడం వాళ్లకూ సరదా ఏమీ కాదు. 2003లో టోక్యోలో ఇద్దరు ఆర్కిటెక్టులు, తమ వృత్తివాళ్లకు మైకు దొరికితే వదలరని తెలిసి, ‘పెచకుచ’ అనే పద్ధతి కనిపెట్టారు. ఇరవై స్లైడ్లు, ఒక్కోటి ఇరవై సెకన్లు, వాటంతట అవే మారిపోతాయి. ఆరు నిమిషాల నలభై సెకన్లలో ఎవరైనా దిగిపోవలసిందే. మీ స్పాన్సర్లకు అందులో సగం, అంటే పది స్లైడ్లు ఇవ్వండి. దానికి బదులుగా స్టాల్ దగ్గర ఒక టెక్నికల్ మనిషిని కూర్చోబెట్టి, రైతు తన చెరువు రికార్డు పుస్తకం తెచ్చి చూపించుకునే ఏర్పాటు చేయమనండి. పది మంది రైతులతో ముఖాముఖి మాట్లాడటం వాళ్లకు మైకు కంటే లాభం. ఒక జాగ్రత్త: ‘సమస్య తెచ్చి చూపించండి’ అన్నారంటే ఎవరో ఒకరు జబ్బు రొయ్యలను పాలిథిన్ కవర్లో వేసుకుని వచ్చేస్తారు. మూడు వందల చెరువుల మనుషులు కలిసే చోటికి వ్యాధిని ఆహ్వానించినట్టే. ఫొటోలు, ల్యాబ్ రిపోర్టులు మాత్రమే తెమ్మని ఆహ్వానపత్రంలోనే రాయండి.

ముఖ్య అతిథి విషయంలో నా అభిప్రాయం కొంచెం కటువు. ఆయన రాక మీద సభ ప్రారంభం ఆధారపడకూడదు. సభను తొమ్మిదిన్నరకు గుంపు చర్చలతో మొదలుపెట్టేయండి. ప్రారంభోత్సవాన్ని ‘ముఖ్య అతిథి వచ్చినప్పుడు’ అని కాక భోజనానికి ముందు అరగంటగా పెట్టండి. అప్పటికి ఆయన రావడానికి వీలుంటుంది, గోడనిండా రైతుల మాటలు ఉంటాయి. ఆయన్ను ఆ చార్టుల వెంట నడిపించి, వాటిలో మూడింటి గురించి మాట్లాడమనండి. ప్రజాప్రతినిధికి తయారు చేసిన ప్రసంగం కంటే అది సులువు, పత్రికలవాళ్లకు మంచి ఫొటో కూడా. జ్యోతి వెలిగించండి, శాలువాలు కప్పండి. వాటితో నాకు పేచీ లేదు. ఇరవై మందికి ఇరవై శాలువాలు, ఒక్కొక్కరి గురించి నాలుగు వాక్యాలు, ఫొటోకు ఒక నిమిషం... అక్కడే గంట కరిగిపోతుంది. ఆ ఏడాది సన్మానం ఒక్కరికి చేయండి. అందరికీ చేస్తే అది హాజరు పట్టీ అవుతుంది.

మీ అధ్యక్షుల సంగతి. ‘కొత్త పద్ధతి’ అనే మాటతో ఆయన దగ్గరికి వెళ్లకండి. పొలంబడి గురించి మాట్లాడండి. 1989లో ఇండోనేషియాలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో అది మొదలైంది. పురుగుమందులు కొట్టేకొద్దీ వరిలో సుడిదోమ పెరగడంతో, రైతులను తరగతి గదిలో కాకుండా పొలంలోనే కూర్చోబెట్టారు. చిన్న గుంపులుగా గట్టు దిగి, శత్రు పురుగులనూ సాలీళ్లలాంటి మిత్ర పురుగులనూ లెక్కించి, కాగితం మీద బొమ్మ గీసి, మందు కొట్టాలా వద్దా అని వాళ్లే వాదించుకుని తేల్చుకునేవారు. మన రాష్ట్రంలోనూ అది పొలంబడి పేరుతోనే నడిచింది. వరి నుంచి చెరువుకు మారిన పాత రైతు అయితే ఆయన దాన్ని స్వయంగా చూసి ఉండవచ్చు. రుజువు అడిగే స్వభావం ఉంటే ఇది కూడా చెప్పండి: 2014లో స్కాట్ ఫ్రీమన్ బృందం సైన్సు, ఇంజనీరింగ్, గణితం కోర్సుల మీద జరిగిన 225 అధ్యయనాలను కలిపి చూసింది. విద్యార్థులు తామూ పాల్గొన్న తరగతులతో పోలిస్తే, కేవలం ఉపన్యాసం విన్న తరగతుల్లో తప్పే అవకాశం ఒకటిన్నర రెట్లని తేలింది. చివరిగా, ఆయనకు ఈ సభలో గౌరవమైన పని ఒకటి ఉండాలి. మొదటి ప్రశ్న ఆయన నోట వినిపించండి. వీలైతే ఆయన తేల్చుకోలేకపోతున్న ప్రశ్నే. అధ్యక్షుడంతటివాడు ‘ఇది నాకూ తెలియడం లేదు’ అన్నాక మిగిలినవాళ్లకు అడ్డేముంది?

మధ్యాహ్నం పూట ఓపెన్ స్పేస్. భోజనాలకు ముందే ప్రకటించండి: ఏ విషయమైనా మాట్లాడాలనుకున్నవారు కాగితం మీద ఆ విషయం, తమ పేరు రాసి గోడకు అంటించవచ్చు. పక్కన చోటు, సమయం మీరు రాస్తారు. మామిడిచెట్టు కింద ఒకటి, మెట్ల మీద ఒకటి, డైనింగ్ హాల్లో మూడు. నలభై అయిదు నిమిషాల విడత ఒక్కటి చాలు. దీనికి ఓవెన్ పెట్టిన నియమం ఒక్కటి గుర్తుంచుకోండి. ఎక్కడైనా మీకు నేర్చుకునేదీ, నేర్పేదీ లేదనిపిస్తే మర్యాదగా లేచి మరో గుంపులోకి వెళ్లిపోవచ్చు. మన దగ్గర ఇది మొదట్లో కష్టం. మధ్యలో లేవడం అమర్యాద అనుకుంటాం, అందుకే భోజనాల విరామం చూసుకుని ఏకంగా వెళ్లిపోతాం. లేవడానికి అనుమతి ఉందని తెలిస్తే జనం గేటు వైపు కాక పక్క గుంపు వైపు లేస్తారు. ఒక విషయానికి ఇద్దరే వచ్చినా రద్దు చేయకండి. ఆ ఇద్దరికీ అది అవసరం కాబట్టే వచ్చారు.

కౌలు రైతులూ, మహిళా రైతులూ కాగితం అంటించడానికి జంకవచ్చు. వాళ్లలో నలుగురైదుగురితో ముందురోజే మాట్లాడి, కాగితాలు మొదట వాళ్ల చేతే అంటించండి.

యాంకర్ వద్దు. చమత్కారాలతో సమయం నింపడం ఆయన వృత్తి, మీకు నింపవలసిన ఖాళీ ఉండదు. ఆయనకిచ్చే పారితోషికంతో మీ సంఘంలోని యువ టెక్నీషియన్లు పదిహేను మందికి ముందురోజు సాయంత్రం భోజనం పెట్టి, రెండు గంటలు అభ్యాసం చేయించండి. ఒక్కొక్కరు మూడేసి గుంపులు చూసుకుంటారు. వాళ్లకు నేర్పవలసింది కొంచెమే: తాము జవాబు చెప్పకుండా ఉండటం, ఎక్కువ మాట్లాడేవారిని ‘అన్నా, ఒక్క నిమిషం, ఈయన ఏదో అంటున్నారు’ అని ఆపడం, విన్నది విన్నట్టు చార్టు మీద రాయడం. మొదటిదే అన్నిటికంటే కష్టం. చదువుకున్న కుర్రవాడికి జవాబు తెలిసి ఊరుకోవడం రాదు.

రెండింటికి అందరినీ మళ్లీ ఒకచోట చేర్చండి. వందన సమర్పణకు అయిదు నిమిషాలు మించవద్దు. మిగిలిన సమయంలో ప్రతి ఒక్కరూ ఒక కార్డు మీద ‘వచ్చే పంటలో నేను మార్చబోయేది’ అని ఒక్క వాక్యం, కింద ఫోను నంబరు రాసి పెట్టెలో వేయాలి. ‘సదస్సు ఎలా ఉంది?’ అనే ఫారం పంచకండి. భోజనం బాగుంటే అందరూ బాగుందనే రాస్తారు. మూడు రోజుల్లో చార్టులన్నీ టైపు చేయించి, పేర్లు తీసేసి, సభ్యుల వాట్సాప్ గ్రూపులో పెట్టండి. పంట అయ్యాక ఆ కార్డుల్లోంచి ఒక ఇరవై తీసి, వాళ్లకు ఫోన్ చేసి మార్చారా, ఏమైందని అడగండి. వచ్చే ఏడాది సదస్సుకు మొదటి ప్రశ్నలు ఆ ఫోన్లలోనే దొరుకుతాయి.

ఒకేసారి ఇదంతా కుదరదని కమిటీ అంటే ఫోన్ కాల్స్, ఏడేసి కుర్చీలు, కంపెనీలు లేని ఆ గంటన్నర, ఈ మూడింటి మీద పట్టుబట్టండి. మిగతావి వచ్చే ఏడాదికి వదిలేయవచ్చు.